కందిరీగ మీది అద్దం

ఆ పందెంలో డ్రైవరుకి డబ్బొచ్చింది, కారుకి కీర్తి వచ్చింది. నాకు మిగిలింది పనికిరాని అద్దమన్న పేరు.

నా పుట్టుక గురించి చెప్పుకోడానికేం లేదు. ఎనిమిది అంగుళాల పొడవు, మూడంగుళాల ఎత్తు, అంతే. నా కథ కారెక్కాకే మొదలైంది. అమెరికాలో ఇండియానాపొలిస్ ఊరి మార్మన్ కంపెనీ 1911లో అక్కడి 500 మైళ్ల పందేనికి ఓ పసుపుపచ్చ రేసు కారుని దింపింది. వెనక సూదిలా సాగిన తోక చూసి దానికి కందిరీగ అని పేరు పెట్టారు. అందులో సీటు ఒక్కటే. తక్కిన కార్లలో డ్రైవరు పక్కన ఓ మెకానిక్ కూర్చుని, వెనక ఎవరొస్తున్నారో చూసి చెప్పేవాడు. దాంతో పోటీదార్లు గొడవకి దిగారు: వెనక చూసే మనిషి లేకుండా వీడొక్కడే నడిపితే మా ప్రాణాలకి పూచీ ఎవరని.

అప్పుడు మా డ్రైవరు రే హరూన్ నన్ను తెచ్చి, నాలుగు కడ్డీలు పాతి తన కళ్లెదుట బిగించాడు. ఎప్పుడో షికాగోలో ఓ గుర్రబ్బండికి ఇలాంటి అద్దం చూశాట్ట. స్వతహాగా ఆయన ఇంజనీరు. 1910లో పందేలు గెలిచి, ఇక చాలని మానేసినవాణ్ణి కంపెనీ ఈ ఒక్కసారికి మళ్లీ దింపింది.

మే 30న 40 కార్లు బయల్దేరాయి. 500 మైళ్లు, అంటే 200 చుట్లు. ట్రాకంతా ఇటుకలే, 32 లక్షలు! మా కారు నంబరూ 32 కావడం నా ఖర్మ. చక్రం ఇటుక మీంచి ఇటుక మీదికి దూకినప్పుడల్లా కడ్డీలు అదిరేవి, వాటితో నేనూ అదిరేదాన్ని. వెనక కారుందో, తోకుందో, ఆకాశముందో నాలో ఏదీ తేలేది కాదు. అంతా అలుక్కుపోయిన మసకే. హరూన్ ఒకటి రెండుసార్లు నావంక చూసి ఉంటాడు, తర్వాత మానేశాడు. అద్దంలో ఏమీ కనపడలేదని చివరికి తనే చెప్పేశాడు. చూపించలేనిదాన్ని చూపించలేదనడం న్యాయమేనా? తప్పు ఇటుకలది!

అయినా నేనుండబట్టే కదా పక్కసీటు లేకుండా ఆయన్ని పందెంలోకి రానిచ్చారు. ఆ రోజే మరో కారులో పక్కన కూర్చున్న శామ్ డిక్సన్ అనే మెకానిక్ ప్రాణం పోయింది. మా కారులో ఆ చోట మనిషే లేడు. ఈ మాట నా ఖాతాలో ఎవరూ రాయరు.

హరూన్ తొందరపడే రకం కాదు. వేగం పెంచితే టైర్లు చిరుగుతాయని లెక్కగట్టి నిలకడగా నడిపాడు. మధ్యలో కాసేపు మరో డ్రైవరు సైరస్ పాట్ష్కీకి స్టీరింగు ఇచ్చి సేద తీరాడు. 6 గంటల 42 నిమిషాల్లో, గంటకి సుమారు 74.6 మైళ్ల సగటు వేగంతో గెలిచాడు. బహుమతి 10 వేల డాలర్లు. అసలు గెలిచింది పోటీదారు రాల్ఫ్ మల్ఫర్డ్ అని వాదించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నన్నడిగితే ఏం చెప్పను, నాకేం కనపడింది గనక!

పందెం అయ్యాక హరూన్ మళ్లీ రేసు కారెక్కలేదు. సొంతంగా కార్ల కంపెనీ పెట్టాడు, అది నిలవలేదు. 1968లో కన్నుమూశాడు. కందిరీగ ఇండియానాపొలిస్ స్పీడ్‌వే మ్యూజియంలో నిలబడింది. వచ్చినవాళ్లు తోక నిమిరినట్టు చూస్తారు, ఇంజను గురించి అడుగుతారు. నా దగ్గరికొచ్చేసరికి "ఇందులో ఏమీ కనపడేది కాదట" అని నవ్వి ముందుకి పోతారు.

నేనే మొదటిదాన్నని గొప్పలు పోను. చేతి అద్దం పట్టుకుని వెనక చూసుకోవచ్చని డొరతీ లెవిట్ అనే ఆంగ్లేయ డ్రైవరమ్మ 1909లోనే పుస్తకంలో రాసింది. 1921లో ఎల్మర్ బర్గర్ అనే ఆయన పేటెంటు పొంది ఇలాంటి అద్దాలు అమ్మాడు. వెనకొచ్చే పోలీసుల్ని పసిగట్టడానికి పనికొస్తాయని చెప్పి మరీ అమ్మాడు!

ఇప్పుడు మా వంశం లేని బండి లేదు. కానీ మర్యాదేదీ? హైదరాబాదులో కుర్రాళ్లు స్టైలు తగ్గుతుందని బైకు కొన్న వారంలోనే మావాళ్లని పీకేస్తారు. ఉంచినవాళ్లు క్రాపు దువ్వుకోడానికి ఉంచుతారు. కార్లవాళ్లు సందుల్లో మడిచిన చెవుల్ని మెయిన్ రోడ్డెక్కినా విప్పరు.

పీకి పక్కన పడేసినవాటిని దయచేసి తీసి బిగించండి. మీ రోడ్లకి ఎన్ని గుంతలున్నా, 32 లక్షల ఇటుకలైతే లేవు. ఆ అద్దాల్లో శుభ్రంగా కనపడుతుంది.