సంచి నిండా సరస్వతి

అమెరికాలో పబ్లిక్ లైబ్రరీ పాత పుస్తకాలు అమ్మకానికి పెట్టిందంటే, తలుపు తీయగానే ముందు దూరేవి స్కానర్లు. చదువరులు ఆ తర్వాత!

వెనక అట్ట మీది బార్‌కోడ్‌కు ఫోను చూపిస్తే చాలు, ఆన్‌లైన్‌లో ఎంత పలుకుతుందో చెప్పేస్తుంది. లాభముంటే బుట్టలోకి, లేదంటే మళ్లీ బల్ల మీదికి. రచయిత పేరు చూసే తీరిక ఎవరికి?

ఆ బార్‌కోడ్‌లో ఉండేది పుస్తకం గుర్తింపు నంబరు, ఐఎస్‌బీఎన్. అది అంతర్జాతీయ ప్రమాణమైంది 1970లో. అంతకు చాలాముందే అచ్చయిన పుస్తకం మీద ఆ నంబరూ లేదు, బార్‌కోడూ లేదు. ఫోను నోరు మెదపదు. వ్యాపారి పక్క బల్లకు పోతాడు.

చాలాచోట్ల ఆఖరి రోజు ‘బ్యాగ్ సేల్’. ఎన్ని కుక్కుకున్నా సంచికి ఒకటే ధర. ఇక సాహిత్య విమర్శ బాధ్యత సంచిదే! సన్నపాటి వంటల పుస్తకానికి చోటు దొరుకుతుంది. ‘వార్ అండ్ పీస్’ బయటే ఉండిపోతుంది.

లోపలి పేజీలో లైబ్రరీ వేసిన ‘డిస్కార్డ్’ (తీసివేత) ముద్ర కనిపిస్తే సేకరణదారులు మొహం తిప్పుకుంటారు. పుస్తకాన్ని ఊరంతా చదివిందన్నదే దాని నేరం.

చదివేవాళ్లకో మాట: ఫోను వదిలేసిన బల్ల దగ్గరే వెతకండి. అసలు బేరం అక్కడుంది.