సూర్యభగవానుని గృహప్రవేశము

సంజ్ఞాదేవి భర్తయొక్క వేడిమికి తాళజాలక, తన స్థానమున ఛాయను నిలిపి పుట్టినింటికి వెడలిపోగా, కూతురి గోడు విన్న విశ్వకర్మ అల్లుని సానయంత్రముపై కెక్కించి, అతని తేజస్సును కొంత చెక్కివేసి, ఆ చెక్కుడుపొట్టుతో విష్ణువునకు చక్రమును శివునకు త్రిశూలమును చేసియిచ్చి, అటుపిమ్మటనే కాపురము చక్కబెట్టెనని పురాణములు చెప్పుచున్నవి. సౌరశక్తిని గృహోపయోగమునకు అనువుగా మార్చిన మొట్టమొదటి మేస్త్రి ఆయనయే. తేజస్సును ముందు అదుపున పెట్టి, పిదప ఇంటిలోనికి రానిచ్చెను. మన ఇచ్చోడలోని నవీన విశ్వకర్మలన్ననో, అల్లుని ముందు వంటింటిలోనికి తోలి, సానబట్టు సంగతి సావకాశముగ చూచుకొందమందురు.

నిర్మల్ నుండి ఆదిలాబాదునకు పోవు 44వ జాతీయరహదారిపై, పత్తిలారీలకు దారియిచ్చుచు కూర్చున్న ఈ మండలకేంద్రమునకు సూర్యుడు క్రొత్తచుట్టము కాడు. వైశాఖమాసమున 45 డిగ్రీలతో పిలువకయే వచ్చును. ఈ మండలములోనిదే యగు ముఖరా (కె) గ్రామపంచాయతి, వర్మీకంపోస్టును అమ్మిన రొక్కముతో సౌరఫలకములు పెట్టించుకొని పత్రికల కెక్కినది కూడ. 2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము సూర్యఘర్ పథకమును ప్రకటించి, రెండు కిలోవాట్లవరకు కిలోవాటుకు 30,000 రూపాయల చొప్పునను, మూడును అంతకుమించియు నున్నచో మొత్తము 78,000 రూపాయలును సబ్సిడీ యిత్తుననగా, ఆ మాసాంతముననే రాష్ట్రప్రభుత్వము గృహజ్యోతి పేరిట నెలకు 200 యూనిట్లవరకు ఉచితమనెను. ఈ రెండు ఔదార్యముల నడుమ చిక్కిన మన పటేలు, ఏది కాదన్నను నష్టమే యను వ్యథతో కొన్ని రాత్రులు నిద్రమాని, తుదకు రెండును కావలెనని నిశ్చయించెను.

ఫలకములు వచ్చినవి, కొబ్బరికాయ కొట్టబడినది. ఒక ఫలకముపై నీడ పడినచో ఆ వరుసలోని తక్కినవియు మందగించును గావున, సరిగా నీళ్లట్యాంకు ప్రక్కనే వానిని బిగించిన మేస్త్రి, ఛాయాదేవికి కూడ ఆ యింటనే కాపురము కుదిర్చెనని చెప్పవచ్చును. మూడవనాడు మిట్టమధ్యాహ్నము ఊరిలో కరెంటు పోయినది. దానితోబాటు పటేలుగారి పంకాయు ఆగినది.

“ఎండ గింత మస్తుగ గొడ్తున్నది, పైసలు వోసి నెత్తిమీద పలకలు వెడితిమి, పంక ఎందుకు తిరుగదురా?” అని ఆయన గర్జించుట అన్యాయము కాదు గాని, తప్పు యంత్రముది కాదు. గ్రిడ్డుతో ముడిపడిన ఇన్వర్టరు పరమపతివ్రత. వీధితీగలో ప్రాణము పోయిన 2 సెకండ్లలోపల తానును సహగమనము చేయవలెనని శాసనము. ఏలయన, ఆ సమయముననే లైన్‌మన్, సరఫరా నిలిపితిమని సబ్‌స్టేషనువారు చెప్పిన ఎల్‌సీ (లైన్ క్లియర్) మాటను నమ్మి, ఏబీ స్విచ్చు దించి, స్తంభమెక్కి తీగపై చేయి వేయుచుండును.

ఈ ధర్మసూక్ష్మమును పటేలునకు బోధించుటకు మారుగా, మేస్త్రి ఒక బ్యాటరీని, ఒక పాత ఇన్వర్టరును, ఒక తీగను తెచ్చెను. ఆ తీగను నేను స్వయముగ చూచితిని. వర్ణింపక విడుచుట పాపము. మామూలు తీగకు ఒక కొననే ప్లగ్గుండగా, దీనికి రెండు కొనలను ప్లగ్గులే. ఒక కొన ఇన్వర్టరులోనికి, రెండవ కొన గోడలోని సాకెట్టులోనికి. అంతటితో ఇల్లంతయు వెలుగును. ఒక ప్లగ్గు ఊడదీసినచో, బయటికి వచ్చిన ఇత్తడికాళ్లలో 230 వోల్టులు బట్టలేకుండ నిలిచి, పట్టుకొనువారికై ఎదురుచూచుచుండును.

“ఏం గాదు పటేలా, పరేషాన్ గాకుండ్రి. గిట్ల నూరిండ్లల్ల వెట్టిన. మెయిన్ బందు వెట్టుడు మాత్రం యాది మరువకుండ్రి.”

ఒక మనుష్యుని ప్రాణము మరియొక మనుష్యుని ‘యాది’పై ఇంత చౌకగా వ్రేలాడదీయబడుట నేనెన్నడు కనలేదు. పటేలు మెయిన్ మరచెననుకొందము. ఇంటి కరెంటు సర్వీసుతీగ పట్టుకొని ట్రాన్స్‌ఫార్మరునకు పోవును. 11,000 వోల్టులను దించి మనకిచ్చెడి ఆ యంత్రమునకు దిక్కుల పట్టింపు లేదు. క్రిందినుండి 230 పోసినచో పైకి 11,000 చేసి పంపును. ఊరిభారము మోయలేక ఇన్వర్టరే ఆగిపోవునని మేస్త్రి ధైర్యము. తెగినది ఆ యొక్క ఇంటి తీగయే యైనచో మోయుటకు ఊరెక్కడిది? ఇన్వర్టరు హాయిగా నడచును, చేయి తగులువాడు తగులును.

దీనికి విరుగుడు చేంజోవరు స్విచ్చు. ఒకవైపు పూర్తిగా విడిచిన పిదపగాని రెండవవైపును తాకదు. ఫేజును న్యూట్రలును రెంటిని విడదీయును. ఎవరి జ్ఞాపకశక్తిపైనను ఆధారపడదు. ఈ చివరి గుణమే దానికి శత్రువైనదని తోచును, యాదికి ఖర్చులేదు గదా.

ఇక న్యూట్రలు కథ. పాతయిండ్లలో అన్నిగదులకు ఒకటే న్యూట్రలు. మేస్త్రి రెండుగదుల ఫేజును మాత్రము ఇన్వర్టరునకు మార్చి, న్యూట్రలును ఉమ్మడికుటుంబములోనే విడిచెను. పోయిన కరెంటు పోయినదారినే తిరిగివచ్చుచున్నదా యని లెక్కచూచెడి ఆర్‌సీసీబీ, 30 మిల్లీయాంపియర్ల తేడాకే అలిగి పడిపోవు స్వభావము గలది గావున, గంటకొకమారు పడిపోసాగెను. “గా డబ్బ ఊకె పడుతున్నదని తీసి పక్కకు వెట్టిన పటేలా” అని మేస్త్రి దానిని అటకపై కెక్కించెను. కుక్క మొరుగుచున్నదని కుక్కను వెళ్లగొట్టి తలుపు తీసి పండుకొన్నట్లు, ఇల్లు నిశ్శబ్దమైనది.

మిద్దెపైని సంగతి మరియొక దారుణము. ఏడెనిమిది ఫలకములు వరుసకట్టినచో మూడువందల వోల్టులు దాటును; అది డీసీ. ఏసీ సెకండునకు నూరుమారులు శూన్యమును తాకును గావున దాని నిప్పురవ్వ తానే ఆరును. డీసీకి శూన్యమన్నది లేదు, అంటుకొన్నచో కాలుచునే యుండును. డీసీకని చేసిన బ్రేకరు వేరుగా కలదు. మేస్త్రి ఏసీదే బిగించెను, చూచుటకు రెండును తెల్లగానే యున్నవట. పిడుగునకును, డీసీకిని, ఏసీకిని వేర్వేరు ఎర్తింగు గుంతలు తీసి, ఉప్పును బొగ్గును నింపి నీరు పోయవలసియుండగా, తొలకరిలో పిడుగులు రాలెడి ఈ ఆదిలాబాదు నేలపై, మూటిని చుట్టి నల్లాపైపునకు కట్టెను. నల్లాపైపు ప్లాస్టిక్కుది.

ఇటుపైన నాదొక మనవి. పటేలుగారు కూడ విద్యుదుత్పాదకులు గావున, వారి గుమ్మమున సబ్‌స్టేషను బోర్డు కట్టి, లోపల ఒక రిజిస్టరు నుంచవలెను. లైన్‌మన్ స్తంభమెక్కుటకు పూర్వము వారివద్దను ఎల్‌సీ తీసికొనవలెను. అభ్యంతర మొక్కటే: కరెంటు పోయిన మధ్యాహ్నమున తిరుగుచున్న పంకాక్రింద వారు గాఢనిద్రలో నుందురు, లేపిన కోపగింతురు.