మరుగునపడ్డ రికార్డుకు పీట వేయించడమెలా?

మీది పావగడ తాలూకా బలసముద్రం అనుకుందాం. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, ఊరి చుట్టూ సోలార్ పలకలు. తిరుమణి, వల్లూరు, క్యాతగానచెర్లు, రాయచెర్లు, మీ ఊరు కలిపి దాదాపు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల పార్కు. ఇంత కరెంటు మధ్య కూర్చున్నారు గనక, ముందుగా కరెంటుతో పనిలేని యంత్రం ఒకటి సంపాదించండి. కీ ఇచ్చి తిప్పే గ్రామఫోన్. పొలాన్ని సోలారుకు కౌలుకిస్తే ఇచ్చారు గానీ, రికార్డును మాత్రం పక్కింటికి కూడా ఇవ్వకండి.

ఇక ఏ రికార్డు? నాటక పద్యమే అయుండాలి, కానీ జనం ఎరిగిన గొంతు పనికిరాదు; ఎవరి రికార్డు ఎంత అనామకమైతే వాళ్లే గొప్ప, అదే మన పోటీ. నోట్లో వేలు పెట్టుకుని పద్యాన్ని ఈలలో పలికించిన రఘురామయ్య జోలికి పోవద్దు. ఆయనకు పద్మశ్రీ కూడా వచ్చింది, ఇక మీరు చేయగలిగిందేముంది? కపిలవాయి రామనాథశాస్త్రి పేరు చెబితే తలలూపే పెద్దలు ఇంకా ఉన్నారు, ఆయన్నీ వదిలెయ్యండి. మీది తుమకూరు జిల్లా గనక ఎవరో ఒకరు కన్నడ నాటకాల గుబ్బి వీరణ్ణ ప్రస్తావన తెస్తారు. దండం పెట్టి పక్కకు తప్పుకోండి. అంత పేరున్నవాడు మన పోటీకి అనర్హుడు.

లేబుల్ సగం ఊడిపోయి, పాడినవారి ఇంటిపేరు మాత్రమే మిగిలిన ప్లేటు దొరికితే అదృష్టవంతులు. లేబుల్‌కీ గాడికీ మధ్య నున్నటి జాగాలో అచ్చు నంబరు ఒకటి ఉంటుంది. వెలుతురికి ఏటవాలుగా పట్టి చదివి, కంఠతా పట్టండి. సభలో గాయకుడి పేరు ఎత్తకుండా ఆ నంబరే చెప్పండి. "అదా!" అన్నవాడు అబద్ధాలకోరు. "అదేంటి?" అన్నవాడు ఓడిపోయినట్టే.

నాటక పద్యం మీద వాదం ఎప్పుడూ రెండు జట్ల మధ్యే నడుస్తుంది. రాగం కావాలనేవారు ఒకవైపు, నటన కావాలనేవారు మరోవైపు. పద్యాన్ని అదే పనిగా సాగదీయడం రంగస్థల నటుడు బళ్ళారి రాఘవకు గిట్టేది కాదు, కాబట్టి ఏ జట్టులో ఉన్నా ఆయన పేరు వాడుకోవచ్చు. ఎదుటివాడి గాయకుడు సాగదీశాడంటే రాఘవ మీ పక్షం; మీ గాయకుడే సాగదీశాడంటే "రాఘవగారు ఇది విని ఉంటేనా!" అని ఓ నిట్టూర్పు చాలు.

ఒక్క సంగతి మాత్రం పొరపాటున కూడా బయట పెట్టకండి. పది అంగుళాల 78 ప్లేటుకు ఒక పక్కన పట్టేది సుమారు మూడు నిమిషాలు. స్టేజీ మీద వన్స్‌మోర్లతో ఒకే పద్యాన్ని ఎంతసేపైనా పట్టి ఉంచగల మనిషి, రికార్డింగు గదిలో గడియారానికి తల వంచాడు. రాగం కత్తిరించాడు, హార్మోనియం వాయించేవాడికి ఊపిరి సలపనివ్వలేదు, ఆఖరి పాదానికొచ్చేసరికి పరుగు. ఆ పరుగులో గొంతు వణుకుతుంది, ఒక్కోసారి చివరి అక్షరం సగంలో మింగేస్తాడు. నా మటుకు నాకు ఈ ప్లేట్లలో వినదగ్గది అదే. కానీ ఇలా చెబితే జనానికి నిజంగా వినాలనిపిస్తుంది, మన పని చెడుతుంది.

ఒకవేళ ఎదుటివాడి రికార్డు బాగుందనే అనుమానం కలిగితే, స్పీడు మీద పడండి. గ్రామఫోన్‌కు వేగం సరిచేసే మీట ఒకటి ఉంటుంది. దాన్ని అటు జరిపితే శ్రుతి పెరుగుతుంది, ఇటు జరిపితే తగ్గుతుంది. "నీ మిషన్ స్పీడు ఎక్కువన్నా, అందుకే గొంతు అంత పైకి పోతాంది" అనండి. మీ ప్లేటు ఎండకు అప్పడంలా వంగిందని ఎవరైనా ఎత్తిపొడిస్తే, లక్కతో చేసిన అసలు సరుకు కాబట్టే వంగిందని చెప్పండి. పావగడ వేసవి గురించి వాదించే మొనగాడు లేడు.

ఇది మనకొక్కరికే పట్టిన జబ్బు కాదు. అమెరికాలో 1960ల్లో కార్ల షెడ్లలో గిటార్లు బాదిన కుర్రాళ్ల పాటల్ని లెనీ కే అనే గిటారిస్టు 1972లో 'నగ్గెట్స్' పేరుతో రెండు ప్లేట్లుగా కూర్చాడు. వాటిలో కొన్ని అప్పట్లో హిట్టయినవే! ఇంకేం, అంతకన్నా అనామకమైన పాటల కోసం వేట మొదలైంది. మన దేశంలో సిగరెట్ కంపెనీ సొమ్ముతో వచ్చిన 'సిమ్లా బీట్' ఎల్‌పీలు 1970, 71 నాటివి. దేశంలోని కుర్ర బ్యాండ్లు వాయించిన ఆ పాటల్ని విదేశాల్లో మళ్లీ అచ్చేశారు. 1960ల్లో మన దగ్గర 78 స్పీడులో అచ్చయిన బీటిల్స్ పాటల కోసం బయటి దేశాలవాళ్లు పెద్ద మొత్తాలు పెడతారు. బీటిల్స్ ఎవరో తెలియక కాదు, ఆ స్పీడులో తమ దగ్గర లేక.

చివరిగా ఒక ప్రమాదం. ఊళ్లో నాటకం నేర్పే హార్మోనియం మేష్టరుంటే ఆయన్ని గ్రామఫోన్ దరిదాపులకు రానివ్వొద్దు. ప్లేటు రెండు చుట్లు తిరగ్గానే పద్యం అందుకుని, రికార్డుకన్నా బాగా పాడేసి టీ అడుగుతాడు. ఆయన వెంట వచ్చిన కుర్రాడు ఫోన్ తీసి "ఇంకోసారి పెట్టన్నా, రికార్డు చేసుకుంటా" అంటే అసలు గండం అదే. ఒక్కో పక్కకు కొత్త స్టీలు సూది వేయాలని, సూదులు అయిపోయాయని చెప్పండి. డబ్బాకు 200 ఉంటాయి. మూత మాత్రం తియ్యకండి.