సమతాపన మాహాత్మ్యం

మానవజాతి వేల ఏళ్లుగా తంటాలు పడినా సాధించలేని సమానత్వాన్ని ఒక రేకు పెట్టె ఎట్టకేలకు సాధించిందనీ, అదీ పండుగ తగ్గింపు ధరకే దొరుకుతోందనీ తెలిసి పాఠకులు ఈపాటికే పులకించి ఉంటారు. ఆ పెట్టె పేరు మైక్రోవేవ్ ఓవెన్. ప్రతి మెతుకుకూ ఒకే వేడి అనే దాని ప్రకటనల నినాదానికి భౌతికశాస్త్రం మాత్రం ఇంకా సమ్మతి తెలపలేదు.

మైక్రోవేవ్ ఓవెన్‌లోని మాగ్నెట్రాన్, అంటే విద్యుత్తును సూక్ష్మతరంగాలుగా మార్చే పరికరం, సుమారు 12 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం గల తరంగాలను వెలువరిస్తుంది. అవి లోహపు గోడలకు తగిలి వెనుదిరిగి, ఎదురొచ్చే తరంగాలతో కలిసి, ముందుకు సాగక ఉన్నచోటనే ఎగసిపడే స్థిర తరంగాలవుతాయి. ఎగసిపాటు అత్యధికంగా ఉండే ప్రస్పందన స్థానాల్లో ఆహారం మరుగుతుంది. దాదాపు ఏమీ లేని అస్పందన స్థానాల్లో చల్లగా మిగులుతుంది. అందువల్ల గిన్నె అంచున పప్పు తుకతుకలాడుతుండగా నడుమ నెయ్యి గడ్డకట్టే ఉండడం యంత్రలోపం కాదు, యంత్రధర్మం.

ఈ ధర్మాన్ని కప్పిపుచ్చడానికే తిరిగే గాజుపళ్లెం వచ్చింది. ఆహారాన్ని వేడి చోట్ల మీదుగా తిప్పడం దాని పని. నట్టనడుమ ఉన్న ముద్ద మాత్రం ఎంత తిరిగినా ఉన్నచోటనే ఉంటుంది. పళ్లెం తిరుగుతుంది కనుక సమానమైన వేడి అని దశాబ్దాల పాటు అమ్మినవారే, ఇప్పుడు ఆ పళ్లెం తీసేసి, పళ్లెం లేదు కనుక సమానమైన వేడి అని మరింత ఎక్కువ ధరకు అమ్ముతున్నారు.

పళ్లెం లేని పెట్టెలో, తరంగాలను చెదరగొట్టే లోహపు రెక్క ఒకటి కంటికి కనబడకుండా తిరుగుతుంది. పూర్వం తిరిగేది అన్నం, ఇప్పుడు తిరిగేది రెక్క. ఎప్పటికీ తిరగనిది కొనేవాడి బుర్ర అన్నదే అమ్మేవాడి ధీమా.

పైగా ఆ రెక్క వేడి చోట్లను కదుపుతుందే తప్ప, ఆహారపు అంచులూ మూలలూ ఎక్కువ శక్తిని గ్రహించకుండా ఆపలేదు. నీరున్న పదార్థంలో కొద్ది సెంటీమీటర్ల లోతుకే తరంగాలు క్షీణించకుండానూ ఆపలేదు. లోపలి నుంచి ఉడికిస్తుందనే మరో ప్రచారానికి ఆ కొద్దిపాటి లోతే సమాధానం.

నవ్వు ఇక్కడికి చాలు. మంచు నీటికన్నా చాలా తక్కువగా సూక్ష్మతరంగాలను గ్రహిస్తుంది గనుక, గడ్డకట్టిన మాంసంలో ముందు కరిగిన చోటే మరింత వేడెక్కి ఉడికిపోతుంది. పక్కనున్నది గడ్డగానే ఉండిపోతుంది. అలా చల్లగా మిగిలిన చోట హానికర సూక్ష్మజీవులు బతికే ఉండవచ్చు. పాలసీసా చేతికి గోరువెచ్చగా తగిలినా, లోపల ఒకచోట పసిబిడ్డ నోరు కాల్చేంత వేడి ఉండవచ్చు. అందుకే శిశువుల పాలను ఇందులో వేడి చేయవద్దని ఆరోగ్య సంస్థలు హెచ్చరిస్తున్నాయి. ఇంత తెలిసీ సమానమైన వేడి అనడం అతిశయోక్తి కాదు, పచ్చి అబద్ధం.

ఆ అబద్ధం తయారీదారులకు తెలియనిదేమీ కాదు. సగంలో ఆపి కలపాలనీ, తీశాక కాసేపు ఆగాలనీ వాడుక పుస్తకంలో చీమల బారు లాంటి అక్షరాల్లో రాసేది వారే. కాసేపు ఆగమనడం దేనికంటే, వేడి ఉన్నచోటి నుంచి లేనిచోటికి ఉష్ణవహనం ద్వారా పాకడానికి. అంటే సమానత్వం తెచ్చేది చెంచా, ఓపిక. బిల్లు మాత్రం పెట్టెకు. ఆ రెండు సూచనలనూ నినాదమంత పెద్ద అక్షరాల్లో తలుపు మీదే అచ్చువేయాలి. అందుకు మనసొప్పకపోతే, అసలు పని చేసే చెంచానైనా పెట్టెతోపాటు ఉచితంగా ఇవ్వాలి.