కొండకు కొలబద్ద

కొండల ఫొటోలు తీసే పిచ్చి ఉన్నవాడికి పెళ్లి కావడం అత్యవసరం. ఇందులో శృంగారం ఏమీ లేదు, అంతా కొలతల వ్యవహారం. లద్దాఖ్‌లో మెడ వెనక్కి విరిస్తే గాని కొస కనిపించని కొండ, వైడ్ యాంగిల్ లెన్సులో పడేసరికి మా ఊరి చెరువుగట్టంత అవుతుంది. పక్కన తాడిచెట్టో పూరిగుడిసో ఉంటే చూసేవాడు పోల్చుకుంటాడు. అక్కడ చాలాచోట్ల గడ్డిపరక కూడా ఉండదు. కాబట్టి కొండ దగ్గర ఓ మనిషిని నిలబెట్టాలి. డ్రైవరు కారు వదిలి రాడు. పిల్లలు ఒక్కచోట నిలవరు. మిగిలింది మా ఆవిడ.

ఖార్దుంగ్ లా కనుమ ఎత్తు 5,359 మీటర్లు. సముద్రమట్టం దగ్గర దొరికే ఆక్సిజన్‌లో అక్కడ ఇంచుమించు సగమే. 20-25 నిమిషాలకు మించి ఉండొద్దని బోర్డు కూడా పెట్టారు. అందులో ముప్పాతిక భాగం నా ట్రైపాడ్ కాళ్లు సాగదీయడానికే సరిపోయింది. మిగతా సమయమంతా "ఇంకొంచెం వెనక్కి" అంటూ గడిపాను. ఆవిడ నాలుగడుగులు వేసి, నడుం మీద చేతులు పెట్టుకుని ఆయాసపడి, మళ్లీ నాలుగడుగులు వేసింది. అప్పుడొచ్చింది అసలు చిక్కు. ఎండలో మెరిసే మంచుకు వెలుగు సరిచూస్తే నీడలో ఉన్న ఆవిడ ముఖం నల్లబడుతుంది. ఆవిడ ముఖానికి సరిచూస్తే మంచు గీతా గాడీ లేకుండా తెల్లగా వెలిసిపోతుంది. ఎలాగూ అంత దూరంలో ముఖం కనిపించదులే అని నేను మంచు పక్షం వహించాను.

ఈ కష్టాలు పుట్టింటివాళ్లకు ఫోన్లో చెప్పుకుందామంటే, బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు లద్దాఖ్‌లో పనిచేయవు. ఆవిడది ప్రీపెయిడ్. నాది మాత్రం బయల్దేరేముందే పోస్ట్‌పెయిడ్‌కు మార్పించుకున్నాను.

రాత్రిళ్లు మరో భాగోతం. చలికి కెమెరా బ్యాటరీలు నీరసించిపోతాయి, వాటిని వెచ్చగా ఉంచాలి. ఆవిడ ఉన్ని సాక్సుల్లో బ్యాటరీలు దూర్చి, రజాయి కింద ఇద్దరి మధ్యా పడుకోబెట్టాను. ఆవిడ కాళ్లు గడ్డకట్టాయి గాని చార్జింగు చెక్కుచెదరలేదు. చల్లటి కెమెరాను హీటరున్న గదిలోకి తెస్తే లెన్సుకు చెమ్మ పడుతుంది. అందుకని బయటే గాలి చొరని సంచీలో పెట్టి మూసి, లోపల అది వెచ్చబడేదాకా ఆగాలి. జంతికలు తెచ్చుకున్న జిప్ కవరు కనిపించింది. జంతికలు తువ్వాల్లో పోసి కెమెరాను కవర్లో పెట్టాను. ఆ లెన్సు దగ్గర ఇప్పటికీ వాము వాసన వస్తుంది.

పాంగాంగ్ సరస్సు దగ్గర గాలి లేచిందంటే నీళ్లలో కొండల నీడ చెదిరిపోతుంది. అందుకని తెల్లవారకముందే ఆవిణ్ణి లేపి ఒడ్డున నిలబెట్టి, ఉత్సాహపరుద్దామని చెప్పాను: "1927లో ఆన్సెల్ ఆడమ్స్ అనే మహానుభావుడు అమెరికాలో హాఫ్ డోమ్ కొండను ఫొటో తీయడానికి మంచులో ఎక్కి వెళ్తే, వర్జీనియా అనే అమ్మాయి కూడా వెంట వెళ్లింది. మరుసటి ఏడాదే ఇద్దరికీ పెళ్లయింది, తెలుసా?"

"ఆ ఫొటోలో ఆవిడ ఉందా అండీ?"

"లేదు. కొండ ఒక్కటే."

"అదీ సంగతి. అందుకే పెళ్లికి ఒప్పుకుంది."

ఊరికొచ్చాక ఉన్నవాటిలో మంచిది పెద్ద సైజులో ఫ్రేము కట్టించి హాల్లో తగిలించాను. మా అత్తగారు వచ్చి, కళ్లద్దాలు కొంగుతో తుడుచుకుని ఆ మూల నుంచి ఈ మూలదాకా వెతికారు. "అమ్మాయేదీ బాబూ?" అన్నారు. మా ఆవిడ ఆ రోజు గోధుమరంగు శాలువా కప్పుకుంది, కొండదీ అదే రంగు. అగరువత్తి పుల్లతో చూపించాను. "అదా! రాయి అనుకున్నాను" అన్నారు. నిజం చెప్పొద్దూ, నేను చూపించింది రాయినే. అమ్మాయి దానికి రెండంగుళాలు ఎడమన ఉంది.

ఈ వేసవికి స్పితి వెళ్దామనుకుంటున్నాం. అక్కడి కొండలూ మట్టిరంగువే. అందుకే పెళ్లిరోజుకు ఆవిడకు ఎర్రటి జాకెట్ కొనిచ్చాను. "ఇన్నాళ్లకు నా గురించి ఆలోచించారు" అని మురిసిపోయి, అద్దం ముందు అటూ ఇటూ తిరిగి చూసుకుంది. ఆలోచించిన మాట నిజమే. షాపు గుమ్మానికి ఆ జాకెట్‌ను హ్యాంగరుతో సహా తగిలించి, రోడ్డు అవతలికి వెళ్లి, కనిపిస్తోందో లేదో చూసుకుని మరీ కొన్నాను.