మాష్టారి నక్క

మాష్టారికి గూగుల్ అంటే పడదు. కొత్త ఊళ్లో దారి తెలియకపోతే కిళ్లీకొట్టు దగ్గర ఆగి అడుగుతారు తప్ప ఫోన్లో మ్యాప్ తెరవరు. పిల్లలెవరైనా కంప్యూటర్లో క్రోమ్ ఎక్కిస్తే సాయంత్రానికల్లా పీకేస్తారు. రాజమండ్రిలో లెక్కలు చెప్పి రిటైరైన ఆయన మొదటినుంచీ నమ్ముకున్నది ఒక్క ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌ని. ఇంట్లోవాళ్లు దాన్ని ‘మాష్టారి నక్క’ అంటారు.

నమ్మకానికి కారణం లేకపోలేదు. 2004 నవంబరులో అది వచ్చేనాటికి చాలామందికి ఎక్స్‌ప్లోరర్ తప్ప వేరే దిక్కు లేదు. ఆ డిసెంబరులోనే న్యూయార్క్ టైమ్స్‌లో ఫైర్‌ఫాక్స్‌కి రెండు పేజీల ప్రకటన పడింది. అందుకు డబ్బు కట్టింది వాడేవాళ్లే. వేలమంది తలా కాస్త వేసుకుని, అందులో తమ పేర్లు అచ్చు వేయించుకున్నారు. ఏ కంపెనీకి దక్కుతుంది అలాంటి అభిమానం? 2008 జూన్‌లో మూడో వెర్షన్‌ని ఒక్క రోజులో 80 లక్షల సార్లు దించుకుంటే గిన్నిస్‌వాళ్లు రికార్డు రాసుకున్నారు.

తెలుగువాళ్లకైతే ఇంకో రుణం ఉంది. అప్పట్లో ఈనాడు లాంటి పత్రికల సైట్లు తమ సొంత ఫాంట్లలో ఉండేవి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో వార్తల బదులు పిచ్చి గీతలు కనపడేవి. ఫైర్‌ఫాక్స్‌కి ‘పద్మ’ అనే యాడాన్ తగిలిస్తే ఆ గీతలన్నీ యూనికోడ్ తెలుగైపోయేవి. మాష్టారు మొదటిసారి అలా పేపరు చదివిన రోజున ఆ యాడాన్ రాసినవాళ్లని పేరుపేరునా దీవించారట.

తర్వాత మొదలయ్యాయి తిట్లు. 2014లో రూపం మార్చారు, అచ్చం క్రోమ్‌లా ఉందని ఒకటే గొడవ. 2017 నవంబరులో 57వ వెర్షన్ వచ్చి, పాత పద్ధతిలో రాసిన యాడాన్లన్నిటినీ ఒక్క వేటుకి తీసేసింది. వేగం పెరిగిన మాట నిజమే, కాదనను. కానీ జనం ఫైర్‌ఫాక్స్‌ని పట్టుకు వేళ్లాడింది ఆ యాడాన్ల కోసమే కదా! 2019 మే నెలలో మరీ విడ్డూరం. బండి ఇన్సూరెన్సు మరిచిపోయినట్టు లోపలి సర్టిఫికెట్ గడువు దాటనిచ్చారు, దాంతో లోకమంతటా యాడాన్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. 2020లో దాదాపు 250 మంది ఉద్యోగాలు పోయాయి. 2025 ఫిబ్రవరిలో, మీ వివరాలు ఎన్నటికీ అమ్మబోమన్న పాత హామీ వాళ్ల సైటులోంచి మాయమైంది.

ప్రతిసారీ మాష్టారు ‘ఇంక దీని మొహం చూడను’ అనేవారు. మర్నాడు పొద్దున్న మళ్లీ ఆ నక్క బొమ్మ మీదే నొక్కేవారు.

“మామయ్యా, ఒకప్పుడు పదిమందిలో ముగ్గురు వాడేవారు దీన్ని. ఇప్పుడు వందమందిలో ముగ్గురు కూడా లేరు” అన్నాడు ఒకసారి హైదరాబాదు నుంచి వచ్చిన మేనల్లుడు.

“దీన్ని ఈ గతికి తెచ్చింది ఆ గూగులోడేరా! వాడి పాపం పండే రోజొస్తుంది, చూస్తూ ఉండు.”

వచ్చింది కూడా. 2024 ఆగస్టులో వాషింగ్టన్ జడ్జి అమిత్ మెహతా, గూగుల్ చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం నిలుపుకుందని తేల్చేశారు. ఫోన్లలో, బ్రౌజర్లలో తన వెతుకుడే ముందుండాలని అది కోట్లకి కోట్లు ధారపోస్తోందన్నది అభియోగం. ఆ వారం మాష్టారు కిలో తాపేశ్వరం కాజాలు తెప్పించి వీధంతా పంచారు.

ఇక శిక్ష ఏమిటన్నది మిగిలింది. ఆ డబ్బులివ్వడమే మాన్పించాలని అమెరికా ప్రభుత్వం పట్టుబట్టింది. “అదీ దెబ్బ!” అని మాష్టారు తొడ చరిచారు.

2025 మే నెలలో మేనల్లుడు ఫోన్ చేశాడు. “మామయ్యా, కోర్టులో ఆ డబ్బులు ఆపొద్దని ఎవరు సాక్ష్యం చెప్పారో తెలుసా? ఫైర్‌ఫాక్స్‌ని తయారుచేసే మొజిల్లావాళ్ల ఆర్థికాధికారి. మొజిల్లా రాబడిలో 90 శాతం ఫైర్‌ఫాక్స్‌దట. అందులో 85 శాతం గూగుల్ ఇచ్చేదేనట. అది ఆగితే దుకాణం మూసుకోవాల్సి రావచ్చన్నాడు.”

మాష్టారు లెక్కల మనిషి కదా, నోటితోనే కట్టేశారు. “నూటికి డెబ్బై ఆరున్నర” అన్నారు. ఇంకేమీ అనకుండా ఫోన్ పెట్టేశారు. ఆ వేసవంతా ఆయన ఎవరినీ తిట్టలేదు. ఇంట్లోవాళ్లు ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారు.

సెప్టెంబరు 2న తీర్పు వచ్చింది. తన వెతుకుడొక్కటే ఉండాలనే ఒప్పందాలు గూగుల్ చేసుకోకూడదు, డబ్బులు మాత్రం ఇస్తూ ఉండొచ్చు అన్నారు జడ్జిగారు.

మర్నాడు మాష్టారింట్లోంచి మళ్లీ కాజాలు వచ్చాయి, ఈసారి రెండు కిలోలు.

“ఏంటి మాష్టారూ, గూగుల్ మళ్లీ ఓడిపోయిందా?” అని నవ్వాడు పక్కింటాయన.

“లేదండీ. దేవుడి దయవల్ల గట్టెక్కింది. తీసుకోండి.”