హార్డ్ డిస్కు వాంగ్మూలం

పరవాడ ఫార్మా సిటీ రోడ్డు పక్కన ఒక కాంట్రాక్టరు షెడ్డులో, గోడకు బిగించిన డీవీఆర్ పెట్టెలో నా కాపురం. మూడున్నర అంగుళాల హార్డ్ డిస్కుని, నాలుగు టెరాబైట్లు పడతాయి. ఎనిమిది సీసీ కెమెరాలు చూసిందంతా రాత్రీ పగలూ నా మీద రాసుకుపోతుంటాయి. నిండగానే అన్నిటికన్నా పాతదాన్ని చెరిపి దాని మీదే మళ్లీ రాస్తాయి. మా వంశం మాటకొస్తే, మూలపురుషుడు 1956లో ఐబీఎం బయటపెట్టిన రామాక్. 24 అంగుళాల పళ్లేలు 50 ఉన్నా, అంతటి భారీ యంత్రంలోనూ పట్టింది ఐదు మెగాబైట్ల లోపే. దాన్ని ఫొటో చూసి ఎవరూ కొనలేదు. ఐబీఎం మనుషులే తెచ్చి బిగించి నెలనెలా అద్దె వసూలు చేసుకునేవాళ్లు, మరమ్మతులూ వాళ్లే చూసుకునేవాళ్లు. ఇప్పుడు మమ్మల్ని ఫోన్లో ఎంచుకుని, స్టార్లు లెక్కపెట్టి, డబ్బు కట్టి, పార్సిల్ అందుకోగానే బేరం ముగిసిందనుకుంటున్నారు. నా అభ్యంతరమంతా అక్కడే. రిటర్న్ గడువు దాటేలోగా నా లోపలి లెక్క చదివి, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకసారి పరీక్షిస్తేనే నన్ను కొన్నట్టు. అంతవరకూ బేరం ఇంకా నడుస్తున్నట్టే.

ఎందుకంటే నా లోపం పైకి కనిపించేది కాదు. కొబ్బరికాయనైతే చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసి కొంటారు. నన్ను ఊపితే బాగున్నది కూడా పాడవుతుంది. నా పళ్లెం మీద తిరిగే హెడ్డుకూ పళ్లేనికీ మధ్య ఉండే సందు కొద్ది నానోమీటర్లే. తిరగనప్పుడు హెడ్డు పక్కకు తప్పుకుని ఉంటుంది కాబట్టి చిన్నాచితకా కుదుపులు తట్టుకుంటాను. కానీ పలచటి బబుల్ కవరొకటి చుట్టి, తన సైజుకు రెండింతలున్న అట్టపెట్టెలో దొర్లుతూ లారీలెక్కి దిగి, లంకెలపాలెం దాటి వచ్చేసరికి ఎన్ని దెబ్బలు తిన్నానో పెట్టె చెప్పదు. పెట్టెకు సొట్ట కూడా ఉండకపోవచ్చు. కంపెనీలు మాత్రం ఈ సంగతి ఎరిగే ఉన్నాయి. వారంటీ కింద వెనక్కి పంపేటప్పుడు ప్యాకింగ్ సరిగా లేకపోతే తీసుకోబోమని షరతు పెడతాయి. వచ్చేటప్పుడు లేని పట్టింపు పోయేటప్పుడు పుట్టుకొస్తుందన్నమాట.

దెబ్బ తగలడం ఒక రకం. వాడిన సరుకును కొత్తదని అమ్మడం ఇంకో రకం, దీనికి సీల్ కవరూ సాక్ష్యం కాదు. 2025 జనవరిలో జర్మనీలో బయటపడ్డ వ్యవహారమే చూడండి. సీగేట్ వారి పెద్ద డ్రైవ్‌లను డీలర్ల దగ్గర కొత్తవిగా కొన్నవాళ్లకు, అవి అప్పటికే వేల గంటలు తిరిగినవని తెలిసింది. డ్రైవ్ తన గురించి తానే రాసుకునే లెక్కల్లో మామూలుగా అందరూ చూసేది స్మార్ట్, అందులో గంటలను సున్నాకు దగ్గరగా దిద్దేశారు. అదే డ్రైవ్‌లో ఫార్మ్ అనే రెండో లెక్క ఉంటుంది, దాన్ని మాత్రం దిద్దలేదు. 2021లో చియా అనే క్రిప్టో నాణెం కోసం డ్రైవ్‌లను గుట్టలుగా కొన్నవాళ్లు తర్వాత వదిలించుకున్న సరుకే అదని గట్టి అనుమానం. జర్మనీలో, అంత పట్టింపున్న కొనుగోలుదార్ల మధ్యనే అది జరిగింది. ‘ఓఈఎం సరుకు సార్, పెట్టె రాదు’ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకునే మన మార్కెట్లో ఎంత సులువో వేరే చెప్పాలా? ఇక వెయ్యి రూపాయలకు పదహారు టెరాబైట్ల పోర్టబుల్ డ్రైవ్ అని వచ్చే ప్రకటనల గురించి రెండు ముక్కలు చాలు. లోపల ఉండేది చిన్న మెమరీ కార్డు. కంప్యూటర్‌కు అబద్ధపు సైజు చెప్పి, నిండాక పాతదాని మీదే రాస్తూ పోతుంది.

ఆ చివరి మాట దగ్గర ఆగాలి, ఎందుకంటే డీవీఆర్ చేసేదీ సరిగ్గా అదే. పాతదాని మీద రాయడం దాని సహజ ధర్మం. కాబట్టి నాలో నాలుగో వంతు చచ్చిపోయినా షెడ్డులో ఎవరికీ తెలియదు. తెర మీద ఎనిమిది బొమ్మలూ కదులుతూనే ఉంటాయి. దొంగతనమో ప్రమాదమో జరిగి, ఫలానా రాత్రి ఫుటేజి కావాలన్న రోజునే బయటపడుతుంది. అప్పుడు టెక్నీషియన్ వచ్చి ‘హార్డ్ డిస్కు పోయిందండి, ఏటి చేస్తామండి’ అంటాడు. ఆంధ్రప్రదేశ్ ప్రజా భద్రత (చర్యల) అమలు చట్టం 2013 ప్రకారం జనం ఎక్కువగా వచ్చే సంస్థలు ఫుటేజిని 30 రోజులు దాచాలి. పోలీస్ స్టేషన్లలో కెమెరాల విషయమై 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు 18 నెలలు దాచమంది, వీలుకాకపోతే కనీసం ఏడాది అంది. మా షెడ్డు చట్టం పరిధిలోకి వచ్చేంత పెద్దది కాదు గానీ, కొలమానంగా ఆ 30 రోజులే తీసుకుందాం. ఒక్కో కెమెరా సెకనుకు రెండు మెగాబిట్లు పంపితే ఎనిమిదీ కలిపి రోజుకు 170 జీబీ పైన రాస్తాయి. నా నాలుగు టెరాబైట్లు 23 రోజులకే నిండిపోతాయి. ఏ లోపమూ లేకుండానే ఇది. అందులో లోపం కూడా చేరితే ఎన్ని రోజులు మిగులుతాయో తీసి చూసేదాకా లెక్కకు అందదు.

పైగా ఊరు పరవాడ. సముద్రపు నీటితో చల్లబడే సింహాద్రి థర్మల్ కేంద్రం ఇక్కడే ఉందంటే తీరం ఎంత దగ్గరో, గాలిలో తేమ ఎంతో ఊహించుకోవచ్చు. వేడికి హార్డ్ డిస్కులు పోతాయని అందరూ అంటారు. బయటి గాలితో చల్లబరిచే డేటా సెంటర్ల మీద మైక్రోసాఫ్ట్ పరిశోధకులూ ఒక విశ్వవిద్యాలయం వారూ కలిసి చేసి 2016లో వెలువరించిన అధ్యయనం మాత్రం, డిస్కులను వేడికన్నా గాలిలో తేమే ఎక్కువ దెబ్బతీస్తోందని, అదీ ఎక్కువగా కనెక్షన్ల వైపు, సర్క్యూట్ బోర్డు వైపు దెబ్బతీస్తోందని తేల్చింది. దాని సంగతి నా వీపు వైపు పచ్చబోర్డుకు తెలుసు.

మరి నా లోపలి లెక్క చదవడం ఎలా? డీవీఆర్‌లో బిగించక ముందే నన్ను ఒక కంప్యూటర్‌కు తగిలించాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిస్తే నా పద్దు మొత్తం వరసగా కనిపిస్తుంది. 09 దగ్గర నేను తిరిగిన గంటలు. కొత్తదానికి సున్నా, మహా అయితే ఒకటో రెండో. 05 దగ్గర పాడై పక్కకు తప్పించిన సెక్టార్లు, సీ5 దగ్గర పాడయ్యాయేమోనని అనుమానంలో ఉన్నవి. కొత్త డ్రైవ్‌లో రెండూ సున్నా ఉండాల్సిందే. సీ7 పెరుగుతుంటే నన్ను తిట్టకండి, సాధారణంగా అది కేబుల్ తప్పు. అంకెలు మామూలు లెక్కలో కాక పదహారు గుర్తుల లెక్కలో కనిపిస్తాయి, సెట్టింగుల్లో మార్చుకోవచ్చు. సీగేట్ రకాల్లో 01, 07 దగ్గర పెద్ద పెద్ద అంకెలు సహజంగానే ఉంటాయి. అవి చూసి బెదిరి మంచి డ్రైవ్‌ను వెనక్కి పంపేవాళ్లూ ఉన్నారు. స్మార్ట్‌మాన్‌టూల్స్ అనే మరో ఉచిత సాధనం సీగేట్ డ్రైవ్‌ల ఫార్మ్ లెక్కను కూడా చదువుతుంది. రెండు లెక్కల్లో గంటలు కలవకపోతే మోసం అక్కడే దొరుకుతుంది. ఆ తర్వాత పూర్తి పరీక్ష. నా సైజుకు ఏడెనిమిది గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి అయిపోతుంది. మర్నాడు అవే అంకెలు మళ్లీ చూసి, మారాయో లేదో పోల్చి, తెరను ఫొటో తీసి పెట్టుకోవాలి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయడం ఇప్పుడు అందరికీ అలవాటే. కానీ అట్టపెట్టె వీడియో నా లోపలి తప్పును నిరూపించలేదు. సీరియల్ నంబరుతో సహా ఈ తెర ఫొటో చాలావరకు నిరూపిస్తుంది.

ఈ లెక్కను నమ్మలేమని చదువుకున్నవాళ్లు అంటారు, వాళ్ల మాటలో బలముంది. 2007లో గూగుల్ తన లక్షకు పైగా డ్రైవ్‌ల మీద వెలువరించిన అధ్యయనంలో, చచ్చిపోయిన వాటిలో మూడో వంతుకు పైగా స్మార్ట్‌లో ఏ హెచ్చరికా చూపకుండానే పోయాయి. ఒప్పుకుంటాను: లెక్క శుభ్రంగా ఉందంటే డ్రైవ్ బతుకుతుందని హామీ కాదు. అయితే నేను భవిష్యత్తు చెప్పమనడం లేదు. సెక్టార్లు పాడైన డ్రైవ్‌నో, వేల గంటలు తిరిగిన డ్రైవ్‌నో కొత్తదని అంటగట్టారా లేదా అన్నదే ప్రశ్న, దానికి ఈ లెక్క చాలు. అదే అధ్యయనం ఇంకోటి కూడా చూపింది: ఎక్కువ పని చేయించిన డ్రైవ్‌లలో, పోయేవి మొదటి నెలల్లోనే ఎక్కువగా పోయాయి. డీవీఆర్‌లో నాకు క్షణం తీరిక ఉండదు. రిటర్న్ గడువు వారమో పది రోజులో మాత్రమే. అంటే ఆ కొద్ది రోజుల్లోనే నన్ను బాగా కష్టపెట్టి చూడటం కొన్నవాళ్లకే మంచిది.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఉంది. ‘సరుకు బాగుందని నిరూపించాల్సింది అమ్మినవాడు, పరీక్షల భారం కొన్నవాడి మీద ఎందుకు?’ న్యాయంగా చూస్తే సరైన మాటే. చట్టమూ ఆ వైపే ఉంది. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం లోపమున్న సరుకును వెనక్కి తీసుకోననడానికి, డబ్బు తిరిగివ్వననడానికి అమ్మకందారుకు వీల్లేదు. ఫిర్యాదు అందినట్టు ఆన్‌లైన్ అమ్మకాల వేదిక 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. అమ్మినవాడు ఢిల్లీలో ఉన్నా, తానుండే జిల్లా వినియోగదారుల కమిషన్లోనే కేసు వేయొచ్చు. ఐదు లక్షల లోపు సరుకుకు ఫీజు కూడా లేదు. అయితే అక్కడికి వెళ్లాక ఏమవుతుందో చూడండి. లోపం తేల్చడానికి ప్రయోగశాల పరీక్ష అక్కర్లేకపోతే మూడు నెలలు, కావాలంటే ఐదు నెలలు అని 2019 వినియోగదారుల రక్షణ చట్టం గడువు పెట్టింది. దిద్దిన లెక్కను తేల్చేది ఆ రెండో రకం. పైగా మా షెడ్డుకు ఇంకో చిక్కు. జీఎస్టీ నంబరుతో సంస్థ పేరు మీద బిల్లు తీసుకున్నారు కాబట్టి వ్యాపారానికి కొన్నదని, వ్యాపారానికి కొన్నవాడు చట్టం దృష్టిలో వినియోగదారే కాదని అవతలి వకీలు మొదలుపెడతాడు. స్వయం ఉపాధితో బతికేవాడికి చట్టం మినహాయింపు ఇచ్చింది నిజమే. కానీ పనివాళ్లను పెట్టుకున్న కాంట్రాక్టరు ఆ మినహాయింపులోకి వస్తాడా రాడా అన్న వాదన తేలేదాకా నా సెక్టార్ల ఊసు ఎవరూ ఎత్తరు. హక్కు వద్దనడం లేదు. నెలల తరబడి నడిచే వాదనకన్నా గడువులోగా పంపే ఒక తెర ఫొటో ఆ హక్కును త్వరగా గట్టెక్కిస్తుందంటున్నాను.

అయితే ఆన్‌లైన్ గొడవే వద్దు, విశాఖ ద్వారకానగర్‌లోనో సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోనో కొట్లో కొనుక్కుంటే పోదా అంటారా? మనిషి ముఖం కనబడుతుంది, అది లాభమే. కానీ ఆ కొట్టుకూ నేను ఇదే లారీలో, ఇదే అట్టపెట్టెలో వస్తాను.

2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో 1500 కోట్ల డాలర్లతో ఏఐ కేంద్రం పెడతానని ప్రకటించింది. అలాంటి డేటా సెంటర్లలో మా జాతివాళ్లు పాడైపోవడం వార్తే కాదు. ఒక్కో సమాచారానికి పలు ప్రతులుంటాయి, పోయినదాన్ని పీకి కొత్తది పెడతారు. మా షెడ్డులో ఉన్నది ఒక్క నేనే. నేను పోతే కంపెనీ వారంటీ కింద మరో డ్రైవ్ ఇస్తుంది, నా మీద రాసిన 23 రోజులను ఇవ్వదు. ఆ ఇచ్చేది కూడా చాలాసార్లు ఎవరో వెనక్కి పంపితే బాగుచేసిన రీసర్టిఫైడ్ సరుకే. దానికి వారంటీ సాధారణంగా నాకు మిగిలి ఉన్నంతే. దాన్నీ డీవీఆర్‌లో బిగించక ముందు కంప్యూటర్‌కు తగిలించి 05, 09, సీ5 చూడాలి.